ఏడో స్పానర్

ఉంగరం తీసి టిఫిన్ డబ్బాలో వేశాను.
వాచీ, గొలుసు, జేబులో తాళంచెవులు కూడా.
ఎలెఉతేరియో నా చెవుల వైపు చూశాడు.
పోగులూ తీశాను.

ఎడారి నడుమ ఇనప కంటైనర్.
లోపల నిలువెత్తు అరల్లో రెండువందల నలభై సెల్స్.
"ఇవి పడుకోవు యాస్నా" అన్నాడు ముసలాయన.
"లైను కరెంటైతే స్విచ్ తీస్తే ఊరుకుంటుంది.
దీనికి స్విచ్ ఎక్కడుందీ?
పుట్టడమే కళ్ళు తెరుచుకుని పుట్టింది."

ఆయన ఎడమచేతి నాలుగో వేలికి ఉంగరం లేదు,
ఉంగరం చుట్టూరా కాలినంత తెల్లమచ్చ ఉంది.
నేనడగలేదు. అడగకముందే అందరూ చెప్పేశారు.

బస్‌బార్లు పెట్టెలోంచి తీశాను.
మా నాన్న కలామాలో గని లారీ తోలేవాడు.
ఈ రాగి ఆయన మోసిన కొండేనేమో.
సెల్స్‌లోని లిథియం మా అత్త వాళ్ళ ఊరి పక్క
ఉప్పుమడుల్లో ఎండిందేనేమో.
సముద్రం దాటి వెళ్ళి
పెట్టెల మీద మాకు రాని లిపితో తిరిగొచ్చాయి.
బంధువుల్ని గుర్తుపట్టినట్టు నటించాను.

"ముందు గీకు. మెరవక్కర్లేదు, మసక పోతే చాలు.
ప్లస్ మీద పని చేసేటప్పుడు మైనస్‌కి తొడుగు.
ఈ గదిలో రెండు నోళ్ళు ఒకేసారి తెరిచి ఉండకూడదు,
నీదీ నాదీ కలిపి."
నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నడిమి పట్టీలు చివర్న.
అప్పటిదాకా ఈ పాము ముక్కలుగానే ఉండాలి.
ముక్క కరిస్తే మంట.
మొత్తం కరిస్తే, మంట అని చెప్పడానికి మనిషుండడు."

రెంచి టక్ అంటుంది. అంతే, ఆపాలి.
ఇంకో పావు తిప్పితే మెత్తటి మర ఊడిపోతుంది.
తగ్గితే? ఏమీ కాదు ఈ రోజుకి.
వదులు బోల్టుకి ఓపికెక్కువ.
ఏ ఆర్నెల్లకో, అందరూ నిద్రపోయాక
మెల్లగా వేడెక్కుతుంది.
టక్ అన్న ప్రతి బోల్టు మీదా ఎర్ర రంగుతో గీత గీశాను,
బోల్టు మీంచి పట్టీ మీదికి, ఒకే గీత.

సాయంత్రం ఐదయింది.
పిడులకు టేపు చుట్టిన స్పానర్లు గుడ్డ మీద పరిచాం.
దేని చోటు దానికి గీసి ఉంది.
ఒక చోటు ఖాళీ.

రేడియోలో ఇంజనీర్ బాస్తియాస్:
"ఊళ్ళో అందరూ కూడారు. బ్యాండు కూడా వచ్చింది.
నడిమి పట్టీలు బిగించేయండి."
"ఆరే ఉన్నాయి" అన్నాడు ఎలెఉతేరియో.
"ఏంటి ఆరు?"
"ఏడు లోపలికెళ్ళాయి" అని రేడియో కట్టేశాడు.

టార్చి. పుల్లకి కట్టిన అద్దం.
మోకాళ్ళ మీద ఒక్కో వరసా.
పైనుంచి మూడో అరలో కనబడింది,
ప్లాస్టిక్ మూత మీద, ఎండకి పడుకున్న బల్లిలా.
కింద రాగి.
మధ్యలో గోరంత మందం.
మధ్యాహ్నం నీళ్ళు తాగడానికి దిగినప్పుడు
నేనే పెట్టాను అక్కడ.
పిడి మీది టేపు ఓ మూల చిరిగి ఉంది.

ఆయన తిట్టలేదు.
రెండు వేళ్ళతో తీసి
గుడ్డ మీద దాని బొమ్మలో పడుకోబెట్టాడు.
చెయ్యి వణికింది.
నాది కాదు, ఆయనది.

"ఇవాళ్టికి చాలు. అలిసిన కళ్ళతో అంకెలు చదవకూడదు."
ఆ రాత్రి పదకొండింటికి ఊరి జనరేటర్ ఎప్పట్లాగే ఆగింది.
బ్యాండు వాళ్ళు చీకట్లో ఒక పాట వాయించి వెళ్ళిపోయారని
పొద్దున తెలిసింది.
మేం పికప్‌లో కూర్చుని
గట్టిపడిన రొట్టె నమిలాం.
బాస్తియాస్ పదకొండుసార్లు పిలిచాడు.

తెల్లారి లెక్క: ఏడు. మళ్ళీ లెక్క: ఏడు.
ఒక్కో పట్టీ ఆయన చేతికందించాను.
ఆఖరిదాన్ని నా చేతిలోనే ఉంచేశాడు.
మీటరు చూశాను. తొడుగు చూశాను.
రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాను.
టక్.

రంగు గీత కాస్త వంకరగా వచ్చింది.
చెరిపి మళ్ళీ గీయనా అన్నాను.
"ఉండనీ. కదిలితే తెలుస్తుంది, చాలు."

ఉంగరం సంగతి రాత్రి దాకా గుర్తు రాలేదు.
రొట్టె పొడిలో దొరికింది.